మట్టి మేడమ్ తీగె

బట్టల సబ్బు మేం ఇప్పటికీ కడ్డీగానే కొంటాం. నెల్లిమర్ల సంతలో మూరెడు పొడుగున, పసుప్పచ్చగా, కాగితం కూడా చుట్టకుండా ఇచ్చే ఆ కడ్డీని ఇంటికి తెచ్చి ముక్కలు చేసుకోవాలి. కత్తి పెడితే పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతుంది, అందుకని నేను తీగెతో కోస్తాను. మూరెడు పొడుగున్న సన్నటి తీగె, పట్టుకోడానికి రెండు చివర్లా వేలెడేసి పనస చెక్క ముక్కలు. బిగలాగి కిందికి నొక్కితే చప్పుడు లేకుండా సబ్బులోకి దిగిపోతుంది, కోసిన చోటు అద్దంలా నున్నగా ఉంటుంది. చేతుల వేడి తగిలి ఆ చెక్క ముక్కల్లోంచి, సబ్బు వాసనని పక్కకి తోసుకుంటూ ఇంకో వాసన వస్తుంది. తడి మట్టిది, తడిసిన గోనెపట్టాది, మా మామ్మ చీర కొంగుది.

పెళ్ళయిన కొత్తలో మా ఆయన దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదేటే, ఎవలికైనా ఉరేస్తావేటి?" అన్నాడు. జనపనార మిల్లులో పని ఆయనది, తాళ్ళూ దారాలూ తెలియని మనిషి కాదు, అయినా దీని సంగతి అంతు చిక్కలేదు.

"అది మనది కాదు. ఒకావిడది. వస్తే ఇచ్చియ్యాల" అన్నాను.

"ఎవలావిడ? ఎప్పుడొస్తాది?"

"తెల్దు."

అనుమానంగా చూశాడు. ఆ తీగెకి అది కొత్త కాదు. అది మా ఊళ్ళో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ దాన్ని అందరూ అలాగే చూశారు.

మా ఊరు వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం వెళ్ళే దారిలో. రాష్ట్రం రెండు ముక్కలయిన రోజులవి, ఓ ఏడాది అటో ఇటో. నేను అయిదో తరగతి చదివేదాన్ని. చదివేదాన్ని అంటున్నాను గానీ బడికి వెళ్ళేది మధ్యాహ్నం కోడిగుడ్డు పెట్టే రోజుల్లోనే, మిగతా రోజులు మా ఇంటి వెనక పాకలోనే ఉండేదాన్ని. మాది కుమ్మరి ఇల్లు. ఊళ్ళో ప్రతి ఇంటికీ స్టీలు బిందెలొచ్చేశాయి, పెంకుల మీద టీవీ గొడుగులు మొలిచాయి, అయినా దీపావళికి ప్రమిదలకీ ఎండాకాలం నీళ్ళ కుండలకీ మా గుమ్మం తొక్కక తప్పేది కాదు. శివరాత్రి తీర్థానికి ఆటోలో గడ్డి పరిచి, కుండకీ కుండకీ మధ్య గడ్డి కూరి, వాటి మీద నన్ను కూచోబెట్టి శ్రీముఖలింగం తీసుకెళ్ళేవారు. దారంతా కొత్త కుండల వాసన, వచ్చేటప్పుడు నువ్వుల జీళ్ళ వాసన. ఎండలు ముదిరితే పొద్దున్నే సోళ్ళ అంబలి, అందులోకి పచ్చి ఉల్లిపాయ, మామ్మకి మనసు బాగుంటే వేయించిన ఎండు మెత్తళ్ళు. తోటల్లోంచి జీడిమామిడి పళ్ళ ఘాటు గాలి వీచేది. తొక్కుడుబిళ్ళ ఆడాలంటే పిల్లలందరూ నా చుట్టూ మూగాల్సిందే, ఎందుకంటే కాలు పెట్టి నెడితే గీత మీద ఆగకుండా జారే పెంకులు కుండలు కాల్చే మా ఆవం వెనక పోగులోనే దొరికేవి. అందులో మంచివి ఏరి నా గౌను జేబులో పెట్టుకుని, నచ్చిన వాళ్ళకే ఇచ్చేదాన్ని.

మా ఇంట్లో సారె మగవాళ్ళది, రాయి ఆడవాళ్ళది. తాత సారె తిప్పి కుండకి మూతీ మెడా తీస్తాడు గానీ, దిగేటప్పటికి దాని అడుగు తెరుచుకునే ఉంటుంది, పొట్ట మందంగా ఉంటుంది. అది కాస్త ఆరాక మామ్మ ఒళ్ళో పెట్టుకుని, లోపల ఎడమ చేత్తో రాయి ఆనించి, బయట కుడిచేత్తో చెక్క పెట్టి తట్టేది. టప టప టప అని తడుతూ తిప్పుతూ ఉంటే అడుగు మూసుకుంటూ, పొట్ట ఊరుతూ, మట్టి పల్చబడుతూ వచ్చేది. ఆ చప్పుడులో తేడా వస్తే ఎక్కడో మట్టి మందంగా ఉందన్నమాట. ఆ రాయి వంశధారలో దొరికిందట, మామ్మ అత్తగారికీ వాళ్ళ అత్తగారి దగ్గర్నుంచే వచ్చిందట. నల్లగా, గుప్పిట్లో పట్టేంత, ఒక పక్క బొటనవేలు కూచునే గుంట. ఎంతమంది బొటనవేళ్ళు అరగదీస్తే పడ్డ గుంటో అది.

దానికో పద్ధతుండేది. ఉప్పు చేతికియ్యరు కదా, అలాగే ఆ రాయిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. నేల మీద పెట్టాలి, కావలసిన వాళ్ళు తీసుకోవాలి. చేతికిస్తే దాంతో పాటు పనితనం కూడా వెళ్ళిపోతుందని భయం. నేను కడిగి తెచ్చినా సరే, "కింద పెట్టే గుంటా" అనేది మామ్మ, మా వైపు ఆడపిల్లని అలాగే పిలుస్తారు.

ఉగాది వెళ్ళాక మా ఊరి అమ్మవారి పండగ. అమ్మవారి పేర నెత్తిన పెట్టుకుని ఊరంతా తిప్పే ఘటం మా ఇంట్లోంచే వెళ్ళాలి. దానికి మట్టి వేరుగా తెచ్చి, పలుకు లేకుండా జల్లించి, నానబెట్టి, ఒకసారి తొక్కి, తడి గోనెలు కప్పి ఉంచుతారు. ఒకసారి కప్పాక, ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దుండే రోజు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు, గోనె ఎత్తి చూడకూడదు, పైన నీళ్ళు చిలకరించడమే. ఆ రోజు మామ్మే కాళ్ళు కడుక్కుని తొక్కాలి, ఆ రాయితోనే తట్టాలి. ఏ కారణం చేతైనా మా ఇల్లు ఘటం ఇవ్వలేకపోతే ఏరు దాటి అవతలి ఊరి కుమ్మరుల దగ్గరికి వెళ్తారు, ఒకసారి గడప దాటిన ఘటం మళ్ళీ తిరిగి రాదు. ఆ మాట తాత చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేవాడు, పక్కింటికి కూడా వినిపించకూడదన్నట్టు.

అలాంటి ఊళ్ళోకి మట్టి మేడమ్ వచ్చింది. విశాఖపట్నం మనిషి. ఊరి చివర మూతపడ్డ రైస్ మిల్లు గోడౌను అద్దెకి తీసుకుని సున్నాలు వేయించింది. పొట్టి జుట్టు, జీన్సు ప్యాంటు, మెడలోంచి వేలాడే తోలు గుడ్డ, ఆ గుడ్డ జేబులోంచి వేలాడుతూ ఈ తీగె. అసలు పేరు ఏదో ఉండేది, ఎవరూ పలకలేదు. మొదటి రోజే లారీ వచ్చి తెల్లటి పొడి బస్తాలు దింపింది. సిమెంటు అనుకున్నాం, కాదట, మట్టట. తెల్ల మట్టి, ఎక్కడో దూరం నుంచి కొని తెచ్చుకున్న మట్టి. తాత చుట్ట ఆర్పేసి మరీ వెళ్ళి చూసి వచ్చాడు.

"మట్టి కొనుక్కుని మట్టున్న ఊరొచ్చినాదేటి ఈ మనిషి? ఇందులో ఏదో ఉన్నాది" అన్నాడు.

ఏదో ఉందని ఊరంతా నమ్మడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆవిడ చేసేవన్నీ అలాగే ఉండేవి. పొద్దున్నే ఏటి ఒడ్డుకెళ్ళి ఇక్కడో పిడికెడు అక్కడో పిడికెడు మట్టి తీసేది, వేళ్ళ మధ్య పాములా చుట్టి వంచి చూసేది, నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి అందులో మట్టి వేసి, గ్లాసుల్ని వరసగా కిటికీలో పెట్టి, వాటి ముందు కూచుని చూస్తూ ఉండేది. ఇసక ఎంత దిగిందో, బంక ఎంత తేలిందో చూస్తున్నానని చెప్పేది. తెల్ల మట్టి మెత్తన గానీ దానికి ఒంట్లో బలం లేదట, మా ఏటి మట్టికి బలం ఉంది గానీ ఎక్కువ వేడికి ఓర్చదట, రెంటినీ కలిపితే తనకి కావలసిన మట్టి వస్తుందట. ఇదంతా ఆవిడ చెప్పినప్పుడు నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. మామ్మ మాత్రం, "మనూరి మట్టి నాలిక మీదేసి సూసి ఏటి కలుపుతాదో, ఎవులికి తెలుసు" అనేది.

అసలు గొడవ బూడిద దగ్గర మొదలైంది. ఆవిడ ఇంటింటికీ డబ్బాలు పట్టుకుని వచ్చి పొయ్యిలో బూడిద అడిగింది. అదీ ఊరికే కాదు, ఏ కట్టె బూడిద ఆ డబ్బాలో వెయ్యాలట.

"మామ్మా, చింత కట్టెలది వేరే, సరుగుడుది వేరే ఉంచగలరా?" అంది మా గుమ్మంలో నిలబడి.

"బూడిదక్కూడా కులాలొచ్చినాయేటమ్మా?" అంది మామ్మ.

ఆవిడ పకపకా నవ్వింది. బూడిద కడిగి, జల్లించి, పింగాణీ మట్టితో కలిపి కుండకి పూసి బాగా మంట పెడితే అది కరిగి అద్దంలా అంటుకుంటుందని, చింతకి ఒక రంగూ సరుగుడుకి ఒక రంగూ వస్తుందని చెప్పింది. ఇత్తడి గిన్నెలు తోముకునే బూడిద అద్దం అవుతుందంటే ఎవరు నమ్ముతారు? మా గోడ పక్క గోడ పైడమ్మప్పది. ఆమె అక్కడే నిలబడి అంతా విని, మేడమ్ వీధి మలుపు తిరిగాక, "ఇయ్యాల బూడిదంతాది, రేపు నీ తల ఎంటికలంతాది, ఇచ్చీ. ఊరందరి పొయ్యిలూ దాని డబ్బాల్లో ఉన్నాయి. సిల్లంగి సెయ్యడానికి ఇంకేటి గావాల?" అంది. చిల్లంగి అంటే చేతబడి, ఆ మాట మా వైపు ఊరికే అనరు. మర్నాటి నుంచీ మేడమ్ వస్తూ ఉంటే పొయ్యిలు నీళ్ళతో కడిగేసేవారు. మామ్మ ఒక్కతే ఇచ్చేది. మంచితనంతో కాదు. ఇచ్చినట్టే ఇచ్చి, ఏం చేస్తుందో కనిపెట్టడానికి డబ్బాతో పాటు నన్ను కూడా పంపేది.

పైగా ఆవిడ సారె మీద కూచునేది. ఆడమనిషి. కరెంటు సారె, కాలితో నొక్కితే జుయ్యిమని తిరిగేది. ఆ సంగతి నేను ఇంటికొచ్చి చెప్పిన రోజు మామ్మ అన్నం సగంలో లేచిపోయింది.

అయినా మేడమ్ మామ్మని వదల్లేదు. రాయి చూడ్డానికే వచ్చేది. పద్ధతి చెప్పించుకుని, మామ్మ నేల మీద పెట్టాకే తీసుకునేది, పీత కాళ్ళలాంటి ఇనుప కొలతతో అటూ ఇటూ కొలిచేది, బొటనవేలు గుంటలో తన వేలు పెట్టి చూసుకుని మళ్ళీ నేల మీద పెట్టేది. తన దగ్గర ఇన్ని పనిముట్లున్నా ఇలాంటిది లేదనేది. మామ్మ ముఖం కాస్త వెలిగేది, వెంటనే ఆరిపోయేది. ఇంత పొగడ్త ఊరికే వస్తుందా అని.

పండగ ఇంకా కొద్ది రోజులుందనగా ఒక మధ్యాహ్నం గాలివాన కొట్టింది. ఘటం మట్టి ఆ ఉదయమే తొక్కి, కాస్త గట్టిపడాలని పాక నేల మీద పరిచి ఉంచారు, సాయంత్రం కప్పాలి. మేడమ్ ఆ పక్కనే గొంతుక్కూచుని రాయి కొలుస్తోంది. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది, ఎండబెట్టిన కుండల మీద చినుకులు పడ్డాయి, మామ్మ కేకలు, పైడమ్మప్ప కేకలు, అందరం వాకిట్లోకి పరిగెత్తాం. నేను రెండు చంకలా రెండు ముంతలు పెట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. పాక చూరు కారుతోంది, ఘటం మట్టి జావయిపోతుందని మా అయ్య పార పట్టుకుని పరిచిన మట్టినంతా గోడ వారకి లాగి, కుప్ప చేసి, పైన గోనెలూ ఆ పైన బరకం కప్పేశాడు. వాన వెలిసింది. నేల చూస్తే రాయి లేదు.

"ఇక్కడే నేల మీద పెట్టాను మామ్మా, మీరు చెప్పినట్టే" అంది మేడమ్, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ.

"పెడితే ఏదీ? నేలేటి మింగీసినాదా?"

వెతికాం. కుండల్లో, గడ్డిలో, చూరు కింద కాలవలో, నా జేబుల్లో కూడా వెతికారు. మేడమ్ చివరికి గోడ వారనున్న కుప్ప వైపు చూసింది. "పారతో లాగినప్పుడు ఇందులోకి వెళ్ళిందేమో, ఈ తీగెతో పొరలు పొరలుగా కోసి చూద్దాం, రాయి ఉంటే తగులుతుంది" అని జేబులోంచి తీగె తీసి రెండు చేతులా పట్టుకుని ముందుకొచ్చింది.

మామ్మ ఆవిడకీ కుప్పకీ మధ్య నిలబడింది. అమ్మవారి మట్టి అది, అప్పటికే కప్పింది, ఒక్కపొద్దు లేకుండా ముట్టకూడనిది, దాంట్లో తోలు గుడ్డ కట్టుకున్న మనిషి తీగె దూరుస్తానంటోంది. మామ్మ ఒక్క ఊపున ఆ తీగె లాక్కుంది. కింద పెట్టమని కూడా అనలేదు, ఆవిడ చేతిలోంచే లాక్కుంది.

"నా రాయి నా ఇంటికొచ్చీదాకా నీ తీగె నా కాడే ఉంటాది. ఎల్లు."

మేడమ్ ఖాళీ చేతులు తోలు గుడ్డకి తుడుచుకుని, ఆ కుప్ప వంక మరోసారి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపే మామ్మకి నచ్చలేదు. "సూసినావా, మట్టి మీదుంది దాని కన్ను" అంది నాతో.

తర్వాతి రోజులు మా ఇంట్లో అన్నం ఎవరికీ సరిగ్గా దిగలేదు. మామ్మ ఏటి నుంచి వేరే రాళ్ళు ఏరి తెచ్చింది. ఏది పట్టుకున్నా టప టప మనే చప్పుడు రాదు, ఒకటి బరువెక్కువ, ఒకటి గరుకు, తట్టిన కుండలు మెడ దగ్గర పగిలేవి. అవతలి ఊరి కుమ్మర్లకి కబురు పెట్టాలా అని ఊరి పెద్దొకాయన మా అరుగు మీద కూచుని మెల్లగా అడిగాడు. తాత చుట్ట వెలిగించుకున్నాడు, అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలింది. పైడమ్మప్ప మాత్రం రోజుకో సంగతి తేల్చేది. బూడిద అయింది, రాయి అయింది, సారె ఎలాగూ ఉంది, ఈ యేడు ఘటం ఆవిడే చేసి అమ్మోర్నే తన వైపు తిప్పుకుంటుందట.

పెద్దల్ని వెంటబెట్టుకుని మామ్మ గోడౌనుకి వెళ్ళింది, నేను ఆమె కొంగు పట్టుకుని వెళ్ళాను. మేడమ్ తలుపు బార్లా తీసి, "చూసుకోండి" అని పక్కకి జరిగింది. నాకు ఆ గది ముందే తెలుసు, అయినా మామ్మ కళ్ళతో చూస్తే ప్రతి వస్తువూ వేరేగా కనబడింది. చెక్క పిడికి వంచి బిగించిన ఇనుప చుట్టుంది. "ఇది సెవిలో గులిమి తీసీదా?" అంది మామ్మ. కుండ అడుగు చెక్కేదట. కర్రకి గుచ్చిన సూదుంది, సూది చూడగానే పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది మూతి దగ్గర ఎగుడుదిగుళ్ళు కోసేదట. ఉడత తోక వెంట్రుకల కుంచె. చిక్కుడు గింజ ఆకారంలో ఎర్ర రబ్బరు ముక్క. తేనెతుట్టెలాంటిది ఒకటుంటే మామ్మ పట్టుకుంది, అది స్పాంజనీ, సముద్రంలో పుట్టిందనీ, ఒకప్పుడు ప్రాణం ఉన్నదనీ మేడమ్ చెప్పగానే చటుక్కున వదిలేసి చెయ్యి చీరకి తుడుచుకుంది. ఒక మూల సగానికి కోసిన ఏటీఎం కార్డుంటే ఊరి పెద్ద దాన్ని వెలుగులోకి పట్టి, "ఇదెవులిదమ్మా?" అన్నాడు. తనదేననీ, పాతదైపోయిందనీ, గిన్నెల లోపల నున్నగా చెయ్యడానికి దానంత బాగా పనిచేసేది ఎంత ఖరీదు పెట్టినా దొరకదనీ ఆవిడ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను, వాడగా చూశాను గనక. కింద వరసగా బకెట్లు, మా బూడిదలు కలిపినవి, అన్నీ ఒకే బూడిద రంగు. మంటలోకి వెళ్తే ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమ అవుతుందట. "పైకొకటి, లోపలొకటి" అంది మామ్మ.

అప్పుడే పై అరలో కనిపించింది. నల్లగా, గుప్పిట్లో పట్టేంత, పక్కన బొటనవేలు గుంటతో.

మామ్మ గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. మేడమ్ గబగబా దాన్ని తీసి మామ్మ ముందు నేల మీద పెట్టింది. కొలతలు తీసుకుని మట్టితో చేసి కాల్చుకున్నదట, రాయి కాదట, చెంపకి ఆనించి చూడమంది. మామ్మ ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది. రాయైతే ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది, ఇది తగల్లేదు. నేల మీద పెట్టేసి, "ఇది కాదు" అంది. పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు, మామ్మ పీల్చుకోలేదు. బయటికొస్తూ నాతో అంది. "రెండు సేసినాది గుంటా. ఒకటి పైకి సూపించినాది."

ఒక్కపొద్దు రోజు వచ్చింది. రాయి లేకుండానే మట్టి తొక్కుదామని, ఆ పైన అమ్మవారి దయ అని తాత అన్నాడు. పసుపు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని మామ్మ బరకం తీసింది, గోనెలు తీసింది. లోపల మట్టి నల్లగా, మెత్తగా, బావి అడుగు వాసనేస్తూ ఉంది. అయ్య కుప్పని నేల మీదకి పరిచి పక్కకి తప్పుకున్నాడు. మామ్మ మట్టి మీదకెక్కి గోడకి చెయ్యి ఆనించి మడమలతో తొక్కడం మొదలుపెట్టింది. కొంచెం తొక్కాక ఆగిపోయింది. ఎడమ కాలు ఎత్తలేదు. ముఖం గోడ వైపే ఉంది.

"నీల్లు సాలవు. అందరూ ఎల్లి నూతి కాడినించి తెండి" అంది.

అయ్యా అమ్మా తాతా వెళ్ళారు. నేనూ తలుపు దాటాను గానీ అక్కడ ఆగి వెనక్కి చూశాను. మామ్మ వంగింది, కాలి కింద వేళ్ళు పెట్టి తవ్వి తీసింది, మట్టి అంతా కొంగుతో తుడిచి, చెంపకి ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ బొటనవేలు ఆ గుంటలో కూచోవడం నేను చూశాను, చెప్పులోకి పాదం వెళ్ళినట్టు వెళ్ళింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"ఏటి సూసినావు?"

ఆమె కళ్ళలో కోపం లేదు, అంతకన్నా కష్టమైందేదో ఉంది. "నువ్వు నీల్లు తెమ్మన్నావు" అన్నాను.

"మరి తే."

నీళ్ళతో అందరూ తిరిగొచ్చేసరికి రాయి పీట మీద, పసుపు రాసి, మందారం పెట్టి ఉంది. "అమ్మోరిచ్చినాది" అంది మామ్మ. అంతే. తాత అక్కడే నేల మీద పడి దండం పెట్టాడు. ఆ యేడు ఘటం తట్టినప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది, పొద్దు తిరిగేదాకా ఒక్క తేడా లేకుండా టప టప మంటూనే ఉంది. ఊరంతా డప్పులతో వచ్చి ఘటం ఎత్తుకెళ్ళింది. అమ్మోరు భయపెడితే మేడమ్ రాయి తెచ్చి పాకలో పడేసిపోయిందని పైడమ్మప్ప ఊరేగింపు పొడుగునా చెప్పింది. మామ్మ అవునన్లేదు, కాదన్లేదు.

దొరికిందన్న సంతోషం మామ్మకి ఎంతోకాలం నిలవలేదు. రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు రాయిని చెంపకి ఆనించుకునేది. "ఇయ్యాల సల్లగానే ఉన్నాది" అనేది, అదేదో తనని మోసం చెయ్యడానికే చల్లగా ఉన్నట్టు. మార్చేసి ఉంటుందేమో, మార్చి, చల్లబడే ఉపాయం కూడా కనిపెట్టిందేమో అని. బూడిదని అద్దం చేసే మనిషికి ఇదెంత?

మేడమ్ వానాకాలం చివర్లో ఖాళీ చేసింది. బూడిద ఇచ్చేవాళ్ళు లేరు, పలకరించేవాళ్ళు లేరు. వ్యాను మా వీధిలో ఆపి దిగింది. మామ్మ అరుగు మీద కూచుని ఉంది.

"రాయి దొరికిందటగా మామ్మా."

"దొరికినాది."

"ఎక్కడ?"

"దొరికినకాడే."

మేడమ్ పాక వైపు, ఆ గోడ వార వైపు చూసి నవ్వింది. ఎగతాళిగా కాదు, తెలిసినదాన్ని తెలిసినట్టు. తీగె అడుగుతుందని మామ్మ ఒళ్ళు బిగబట్టుకుని కూచుంది. అడగలేదు. నా బుగ్గ మీద చెయ్యి వేసి, బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళ దగ్గర తెగిన తీగెలూ మిగిలిన పనస చెక్కలూ తెచ్చుకుని కట్టుకున్న తీగె అదని, గట్టిగా లాగి మీటితే పలుకుతుందని నాకు చెప్పి, వ్యాను ఎక్కింది.

వ్యాను వెళ్ళాక మామ్మ తీగె తీసింది. మీటి చూసింది. తర్వాత పక్కనున్న మట్టి ముద్దని మధ్యకి కోసి, రెండు సగాల్లోకీ తొంగి చూసింది, రాయి ఉందేమోనని. ఆ రోజు నుంచి ముద్ద కొయ్యకుండా సారె మీదికి పంపడం మానేసింది. దొంగముండ తీగె, దొంగముండ తీగె అని తిడుతూనే ఏళ్ళ తరబడి కోసింది, ఆ పనస చెక్కలు ఆమె చేతుల మట్టికి నల్లబడిపోయాయి.

ఏడో తరగతితో నా చదువు ఆగింది, కొన్నేళ్ళకి పెళ్ళి కుదిరింది. నెల్లిమర్ల వచ్చే రోజు మామ్మ నన్ను పాకలోకి పిలిచి తీగె చేతిలో పట్టుకుని కూచుంది. నేల మీద పెడుతుందని వంగాను. పెట్టలేదు. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఆయమ్మ వస్తే ఇచ్చీ. నేల మీద పెట్టకు. నేను సేతిలోంచి లాక్కున్నాను, సేతికే ఇయ్యాల."

ఆ మరుసటేడు మామ్మ పోయింది. అమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది, రాయి పట్టేవాళ్ళు లేరని అయ్య దాన్ని మామ్మ బూడిదతో పాటు వంశధారలో కలిపేశాడు. సారె ఇరుసు విరిగి గోడకి ఆనించి ఉంది. ఇప్పుడు అమ్మవారికి ఇత్తడి ఘటం, విజయనగరంలో కొన్నది, ఏటేటా తోముకుని అదే ఎత్తుతున్నారు. రైస్ మిల్లు గోడౌనులో ఎరువుల బస్తాలున్నాయి. తొక్కుడుబిళ్ళకి మా ఊరి పిల్లలు టైల్సు ముక్కలు వాడుతున్నారు, అవి బాగానే జారుతాయట.

సబ్బు కోశాక తీగెని కడిగి, తుడిచి, వంటింటి మేకుకి తగిలిస్తాను. ఎప్పుడైనా చెయ్యి ఖాళీగా ఉంటే బిగలాగి ఒకసారి మీటుతాను, చిన్నగా పలుకుతుంది. ఆవిడ ఎక్కడుందో, ఏ ఊరి మట్టి నాలిక మీద వేసుకుని చూస్తోందో తెలియదు. నా గుమ్మంలోకి వస్తే మాత్రం మామ్మ చెప్పినట్టే చేతికే ఇస్తాను. కూచోబెట్టి టీ ఇస్తాను, పొయ్యిలో బూడిద కావాలంటే గ్యాసు వచ్చిందమ్మా, లేదు అని చెప్పి నొచ్చుకుంటాను. ఇదంతా అయ్యాక, ఆవిడ టీ తాగుతూ అటు తిరిగి ఉన్నప్పుడు, ఆవిడ చేతిసంచిలోకి ఒక్కసారి తొంగి చూస్తాను. లోపల నల్లటిదేమైనా కనిపిస్తే తీసి చెంపకి ఆనించుకుంటాను.